గోడకు గడ్డిపోచే బలం

మా ఇంట్లో ఒక మట్టిగది ఉంది. నిజం చెప్పొద్దూ, చాలా ఏళ్లపాటు దాన్ని నలుగురి కంటా పడకుండా దాచాలనే చూశాను. చుట్టాలెవరైనా వస్తే ముందరి స్లాబు గదిలోనే కూర్చోబెట్టి, టీ ఇచ్చి, పెరటివైపు తలుపు మెల్లగా దగ్గరకు వేసేసేదాన్ని. అలాంటి గది గురించి ఇవాళ మీ అందరికీ చెప్పుకోవాలని కూర్చుంటే నాకే నవ్వొస్తోంది.

మాది మెదక్ జిల్లా చేగుంట. మావారికి మోటార్ల వైండింగు షాపు ఉంది. నేను ఇంటర్ పాసవగానే పెళ్లయి ఈ ఇంటికొచ్చాను. అప్పటికి ఇల్లంతా మట్టిగోడలే, పైన పెంకులు. మా మామగారు స్వయంగా మన్ను తొక్కి కట్టిన ఇల్లట. గోడలు మూరెడు మందం. తర్వాత మావారు ముందు భాగం తీసేసి మూడు స్లాబు గదులు వేశారు. వంటిల్లు రేకులది. వెనక ఒక్క గది మాత్రం అలాగే మిగిలింది. అది మా అత్తమ్మ గది. "స్లాబు కింద నాకు నిద్ర పట్టది, రాత్రంత పొయ్యి కింద పన్నట్టు ఉంటది" అని ఆవిడ అక్కడినుంచి కదల్లేదు.

నేనొచ్చిన కొత్తలో ఏటా బతుకమ్మ పండుగకు ముందు, వానలు వెనక్కి తగ్గగానే అత్తమ్మ ఆ గోడలన్నీ కొత్తగా మెత్తేది. ఎర్రమన్ను, పేడ, గడ్డి కలిపి చేత్తో పూసి, మీద సున్నం కొట్టేది. నాకు ఆ పేడ చేతులు, ఆ వాసన అస్సలు నచ్చేవి కావు. "ప్రతి సంవత్సరం ఈ చాకిరీ ఎందుకండీ, ఒక్కసారి సిమెంటు పూయిస్తే పీడ పోతుంది కదా" అని మావారి వెంటపడి, 2013లో ఒక మేస్త్రీని పిలిపించి లోపలా బయటా సిమెంటు ప్లాస్టరింగు చేయించాను. ఆకుపచ్చ డిస్టెంపరు కూడా వేయించాను. గది కొత్త పెళ్లికూతురిలా అయింది. అత్తమ్మ మాత్రం గోడ మీద చెయ్యి పెట్టి చూసి, "మంచిగనే ఉన్నది గని, గోడకు ఊపిరాడతలేదు" అంది. ముసలావిడ చాదస్తం అనుకున్నాను.

పదేళ్లు గడిచాయి. 2023 జూలైలో వారం రోజులు ముసురు పట్టింది. ఒకరోజు తెల్లవారుజామున వెనక పెద్ద చప్పుడు. పరుగెత్తి చూస్తే పడమటి గోడకున్న సిమెంటు పొర తలుపు రెక్కంత ముక్క ఊడి కిందపడి ఉంది. ఊరికే ఊడలేదు, వెనకున్న మట్టిని కూడా జానెడు లోతు పట్టుకుని ఊడింది. దేవుడి దయవల్ల అత్తమ్మ మంచం అటు గోడకు ఉంది.

అలా ఎందుకయిందో నాకు తర్వాత తెలిసింది. మట్టి చెమ్మ తగిలితే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. సిమెంటు అలా మెదలదు. రెండింటికీ పొత్తు కుదరదు. పైగా నేలలోంచి గోడలోకి ఎక్కిన చెమ్మ మామూలుగా గోడపైనుంచి ఆవిరైపోవాలి. మనం సిమెంటు మూత పెట్టేశాక అది ఎటు పోతుంది? లోపలే ఉండి మట్టిని మెత్తబరుస్తుంది. పైకి పెళ్లికూతురిలా కనబడుతున్న గోడ లోపల్లోపల బురదయిపోతోందన్నమాట. "ఊపిరాడతలేదు" అని అత్తమ్మ అన్నది చాదస్తం కాదు.

కానీ ఆనాడు నాకు ఇవేవీ తెలియవు. అప్పుడే మా పాప డిగ్రీ పూర్తిచేసింది, సంబంధాలు చూస్తున్నాం. దీపావళి నాడు అందరం కూర్చున్నప్పుడు నేనే మాట ఎత్తాను. "గది కూలగొట్టించేద్దాం. ఇటుక గోడలు పెట్టి రేకులు వేద్దాం" అన్నాను. మేస్త్రీ లెక్క వేసి లక్షా ఎనభై వేలవుతుందన్నాడు. ఆ డబ్బు పాప పెళ్లికని బ్యాంకులో వేసిందే. మావారు తటపటాయించారు. నాకు కోపమొచ్చి, "పిల్లను చూడటానికి వచ్చేవాళ్లు ఈ మట్టికొంప చూస్తే ఏమనుకుంటారు? ఇంకెన్నాళ్లు దీన్ని భరించాలి?" అనేశాను.

అత్తమ్మ వింటూనే ఉంది. ఒక్క మాట అనలేదు. ఆవిడ భర్త తొక్కి కట్టిన గోడలవి. కొంప అన్న మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో! తిడితే బాగుండేదనిపించింది. ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదావిడ.

పొద్దున్నే లేచి చూస్తే పెరట్లో పలుగు పట్టుకుని నిలబడి ఉంది, డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి! మిగిలిన సిమెంటు పెచ్చులు రాలగొడుతోంది. నేను కంగారుగా వెళ్లి పలుగు పట్టుకోబోతే, "జర ఆగు బిడ్డా. గోడ మంచిగనే ఉన్నది. పైన తోలే చెడింది. సంక్రాంతి ఎల్లినంక నాకొక నెల టైమియ్యి. గప్పటికీ నచ్చకుంటే కూలగొట్టుకోండ్రి" అంది. నాకు నోట మాట రాలేదు. సరేనన్నాను. నా మాటకు ప్రాయశ్చిత్తంగా పనిలో నేనూ చెయ్యి కలుపుతానన్నాను.

అత్తమ్మ ముందు గోడకు మూడు చోట్ల చిన్న గుంతలు తవ్వించి లోపల మట్టి గట్టిగా ఉందో లేదో చూసింది. లోపల రాయిలా ఉంది. మావారు దారం కట్టి గోడ ఎక్కడా ఒరగలేదని చూశారు. అప్పుడే మొదలుపెట్టాం. ఇది ముఖ్యం సుమా! గోడ ఒరిగినా, బీట ఈ పక్కనుంచి ఆ పక్కకు కనబడినా పైపూతలతో లాభం లేదు.

తర్వాత గడ్డి సంగతి. వానకాలం పంట అప్పుడే కోతలయిపోయింది. వెనకట చేత్తో కోసేవారు కనుక గడ్డి మోపులు కట్టి వాము వేసేవారు. ఇప్పుడు మిషన్ వచ్చింది. అది ధాన్యం తీసుకుని గడ్డిని ముక్కలు ముక్కలు చేసి పొలంలోనే వదిలేస్తుంది. నలిగిన ఆ గడ్డి పశువులు అంత ఇష్టంగా తినవని, యాసంగి నాట్లకు తొందరని, చాలామంది కొయ్యకాళ్లతో సహా అగ్గి పెట్టేస్తారు. ఆ వారమంతా మా ఇళ్లలో ఆరేసిన బట్టలకు మసే. పొగకు పిల్లలు దగ్గుతుంటారు. నేలలో ఉండే సారం కూడా కాలిపోతుందని వ్యవసాయం సార్లు చెబుతూనే ఉన్నారు.

మా బావగారు కూడా అగ్గి పెట్టబోతుంటే, "నాకు నాలుగు సంచులియ్యి నాయనా" అని అత్తమ్మ ఆపింది. తీరా తెచ్చాక ఆ నలిగిన గడ్డి చూసి, "గిదేం గడ్డి, తుక్కు" అని మొహం చిట్లించింది. కానీ వెనకట గోడకు మెత్తాలంటే పొడుగు గడ్డిని కత్తిపీటతో రెండంగుళాల ముక్కలుగా కోసుకోవాల్సి వచ్చేది. అదే రెండు రోజుల పని. మిషన్ ఆ పని ముందే చేసిపెట్టింది! పొడుగ్గా ఉన్నవి ఏరి కోస్తే చాలు. ఆవు తిననిది, రైతు కాల్చేది, మా గోడకు పనికొచ్చింది.

ఇక నా తొందర సంగతి వినండి. ట్రాక్టరు మన్ను దిగిన రోజే అత్తమ్మ, "మన్ను నాననియ్యి" అని చెప్పి సంఘం మీటింగుకు వెళ్లింది. నేను ఊరుకోవచ్చు కదా! మన్నులో ఇంత గడ్డి చల్లి, నీళ్లు కలిపి, కిటికీ పక్కన రెండు గజాల మేర పూసేశాను. గడ్డి ఎక్కువైతే గోడ బొచ్చుకుక్కలా కనబడుతుందని తక్కువే వేశాను. నున్నగా భలే వచ్చింది. మూడో రోజుకు ఎండిన చెరువులా నెర్రెలు బాసింది. వేలితో తట్టగానే పలకలు పలకలుగా ఊడింది.

అత్తమ్మ చూసి నవ్వింది. దీపావళి తర్వాత ఆవిడ నా ముందు నవ్వడం అదే మొదలు. "పిండి కలిపిన ఎంబడే రొట్టె జేస్తే పలగదా బిడ్డా? మన్ను గూడ గంతే" అంది.

ఇందులో కిటుకు ఏమిటంటే, బంకమన్ను ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. ముడుచుకునేటప్పుడు ఎక్కడో ఒకచోట పెద్దగా చీలుతుంది. గడ్డి పోచలు అన్ని వైపులా అడ్డదిడ్డంగా పరుచుకుని ఉంటే అవి మట్టిని దారంతో కుట్టినట్టు పట్టుకుంటాయి. ఒక్క పెద్ద చీలిక రావలసిన చోట కంటికి కనబడని సన్న గీతలు వస్తాయి, అంతే. గడ్డి పోచ లోపల బోలుగా ఉంటుంది కాబట్టి గోడ బరువు తగ్గుతుంది, ఎండ వేడి లోపలికి తొందరగా రాదు. వరిగడ్డిలో, ఊకలో ఇసుకలో ఉండే సిలికా పాలు ఎక్కువ. అందుకే తొందరగా కుళ్లవు. మట్టిలో పూడుకుని ఉన్న గడ్డి అంటుకుంటుందేమోనన్న భయం కూడా అక్కర్లేదు. గాలి తగలనిది ఎలా మండుతుంది?

మరి నానబెట్టడం ఎందుకంటారా? మన్ను గడ్డలన్నీ లోపలిదాకా నీరు పీల్చుకోవాలి. గడ్డి కొంచెం మాగి జిగురు విడవాలి. ఇడ్లీ పిండి పులిసినట్టే, కాస్త వాసన కూడా వస్తుంది. ఆ వాసనకు ముక్కు మూసుకుంటే పని కాదు.

ఈసారి పద్ధతిగా చేశాం. పెరట్లో గుంత తీసి, నాలుగు గంపల మన్నుకు గంపన్నర గడ్డి, ఒక గంప పచ్చిపేడ లెక్కన వేశాం. ఏడు రోజులు నానబెట్టి, రోజూ పొద్దున ఒక అరగంట కాళ్లతో తొక్కాం. మొదటి రోజు నేను చీర ఎగ్గట్టి గుంతలో దిగితే మా పాప ఫోనులో ఫోటోలు తీసి ఒకటే నవ్వు. నాలుగో రోజుకు తనూ దిగింది.

మన్ను తొక్కుతుంటే చూడటానికి వీధిలో అందరూ వచ్చారు. "ఈ రోజుల్ల గూడ మట్టి మెత్తుడేంది వదినా?" అని కొందరు ముక్కున వేలేసుకున్నారు. మా వెనకింటి టీచరమ్మ మాత్రం బైబిల్లో ఉన్న సంగతొకటి చెప్పింది. ఈజిప్టు రాజు ఇటుకలు చేసే బానిసలకు గడ్డి ఇవ్వడం మానేసి, గడ్డి మీరే ఏరుకోండి, ఇటుకలు మాత్రం ఒక్కటి తగ్గకూడదన్నాడట. అంటే వేల ఏళ్ల కిందటే నైలునది ఒండ్రుమట్టిలో గడ్డి కలపందే ఇటుక లేదన్నమాట. "నైలు నదో, మన చెరువో, మన్ను మన్నే కదమ్మా" అంది టీచరమ్మ.

ఆ రాత్రే మా పాప ఫోనులో ఏదో వెతికి, "నానమ్మా, ఇది విను" అని చదివి వినిపించింది. మా పాత మెదక్ జిల్లాలోనే, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా అయిన కందిలో హైదరాబాదు ఐఐటీ ఉంది కదా. అక్కడ ప్రియబ్రత రౌత్రాయ్ అనే పరిశోధక విద్యార్థి, భువనేశ్వర్‌లోని కిట్ సంస్థకు చెందిన అవిక్ రాయ్‌తో కలిసి పంట వ్యర్థాలతో ఇటుకలు తయారుచేశారట. వాటికి బయో బ్రిక్స్ అని పేరు. వరిగడ్డి, గోధుమగడ్డి, చెరకుపిప్పి, పత్తికట్టె ఏదైనా సరే ఎండబెట్టి ముక్కలు చేస్తారు. సున్నం కలిపిన చిక్కటి ద్రవంలో కలిపి, అచ్చులో పోసి, చెక్కదిమ్మెతో దట్టిస్తారు. ఒకటి రెండు రోజులయ్యాక అచ్చు పక్కలు తీసేసి, పదిహేను ఇరవై రోజులు ఆరనిస్తారు. పూర్తిగా గట్టిపడటానికి నెల పడుతుంది. బట్టీ లేదు, పొగ లేదు. కాల్చిన మట్టి ఇటుకతో పోలిస్తే బరువు ఎనిమిదో వంతేనట! 2021 సెప్టెంబరులో ఆ ఇటుకలతో ఐఐటీ ఆవరణలోనే వాచ్‌మన్‌కు ఒక గది కట్టారు. ఇనుప చట్రం నిలబెట్టి, మధ్యలో ఈ ఇటుకలు పేర్చి, రెండువైపులా సిమెంటు పూశారు. కప్పు మీద కూడా ఇవే పరిచారు, వేడి అయిదారు డిగ్రీలు తగ్గుతుందట. అయితే ఈ ఇటుక కాల్చిన ఇటుకంత బరువు మొయ్యలేదని తయారుచేసినవాళ్లే చెప్పారు. అందుకే చట్రం కావాలి.

అంతా విని అత్తమ్మ, "గదే కదనే మనం జేసేది. వాళ్లు సున్నంల కలిపిండ్రు, మనం మన్నుల కలిపినం" అంది. పెద్ద పెద్ద చదువులవాళ్లు చేసిందీ, తాను చేసిందీ ఒక్కటేనని ఎంత తేలిగ్గా అనేసిందో! ఆ మాటకు మావారు కూడా నవ్వేశారు. మర్నాటినుంచి షాపుకు వెళ్లే ముందు ఆయనా ఒక పావుగంట మన్ను తొక్కారు.

ఆలోచిస్తే మన చుట్టూ ఇలాంటివి బోలెడు. మా చుట్టుపక్కల రైసు మిల్లులున్నాయి. వంద కిలోల వడ్లు మరపడితే ఇరవై కిలోల దాకా ఊక వస్తుంది. ఇటుక బట్టీలవాళ్లు ఆ ఊకను పచ్చి ఇటుకమట్టిలో కలుపుతారు, కాల్చడానికీ వాడతారు. మిల్లు బాయిలర్లలో కాలాక నాలుగు కిలోల బూడిద మిగులుతుంది. అందులో ఎక్కువ పాలు సిలికాయే. మరీ ఎక్కువ మంట తగలకుండా కాలి, తెల్లటి బూడిద రంగుకు వచ్చినదాన్ని మెత్తగా నూరి సున్నంతో కలిపితే సిమెంటులా పట్టుకుంటుంది. కాంక్రీటులో కూడా కొంత సిమెంటు బదులు దీన్ని వాడతారు. నేనూ ఉబలాటపడి మిల్లు వెనకనుంచి నల్ల బూడిద తెచ్చి సున్నంతో కలిపి చిన్న బిళ్లలు చేశాను. ఆరాక బిస్కెట్టులా పొడి పొడి అయిపోయాయి. నల్లగా ఉందంటే సరిగా కాలని బొగ్గు అందులో మిగిలి ఉందని, నేను దాన్ని నూరనూ లేదని తర్వాత తెలిసింది. కాబట్టి వ్యర్థం కదా అని ఏదిపడితే అది కలిపితే గోడ కాదు, చెత్తకుప్పే అవుతుంది. వంటలోలాగే దినుసూ పాకమూ రెండూ కుదరాలి.

ఇక పూత. ముందు గోడను తడిపి, గరుకు చేసి, మొదటి పొర అంగుళం మందాన చేత్తో విసిరి కొట్టి మెత్తాం. విసిరితేనే లోపలి గాలి పోయి గోడను కరుచుకుంటుంది. అది నీడపట్టున వారం ఆరింది. ఎండ నేరుగా తగలకుండా పాత చీరలు, గోనెసంచులు కట్టాం. మనం వడియాలు ఎండలో పెడతాం కానీ గోడకు ఎండ పనికిరాదు, ఎంత మెల్లగా ఆరితే అంత మంచిది. రెండో పొరకు మన్ను జల్లించి, గడ్డి బదులు ఊక, పేడ కలిపి పలచగా పూశాం. బాగా ఆరాక సున్నం రెండుసార్లు కొట్టాం. కింద నేలనుంచి రెండడుగుల ఎత్తుదాకా గోడ బయటివైపు రాతికట్టు కట్టించి, వాన నీరు నిలవకుండా కాలువ తీయించాం. చూరు ఒక అడుగు ముందుకు పెంచాం. మట్టి గోడకు మంచి చెప్పులు, మంచి గొడుగు ఉండాలని అత్తమ్మ లెక్క. చెప్పులంటే రాతికట్టు, గొడుగంటే చూరు.

ఖర్చు చెప్పమంటారా? ట్రాక్టరు మన్ను 1,800. ఇద్దరు కూలీలు ఆరు రోజులకు 7,200. రాతికట్టుకు, మేస్త్రీకి 6,500. చూరు, పెంకుల మార్పుకు 2,600. సున్నం 900. మొత్తం 19,000 రూపాయలు. గడ్డికి, పేడకు పైసా లేదు. ఇంటివాళ్ల కాయకష్టం లెక్కలో వేయలేదు. అది వేస్తే చవక అన్న మాట కొంచెం తగ్గుతుంది, ఆ సంగతీ దాచను. కూలికి వెళ్లి బతికే ఇల్లాలికి నెలరోజుల తీరిక ఎక్కడుంటుంది? నలుగురం ఇరుగుపొరుగు కలిసి చేసుకుంటేనే ఇలాంటి పనులు సాగుతాయి.

2024 మే నెలలో పాపను చూడటానికి వచ్చారు. మండే ఎండ. ముందరి గదిలో ఫ్యాను వేడిగాలి కొడుతోంది. పెళ్లికొడుకు నాయనమ్మ ఉక్కకు ఆగలేక అటూ ఇటూ చూస్తుంటే, మా అత్తమ్మ చెయ్యి పట్టుకుని వెనకగదికి తీసుకెళ్లింది. నా గుండె దడదడలాడింది. పావుగంట తర్వాత చూద్దును కదా, ఆవిడ అత్తమ్మ మంచం మీద హాయిగా నడుం వాల్చింది! లేచి, "మా ఇంట్ల గూడ గిట్లనే ఉంటుండె, కూలగొట్టుకున్నం" అని గోడ నిమిరింది. ఇన్నేళ్లూ నేను దాచిన గది అది. ఆ సంబంధం కుదరలేదు లెండి. కారణం గోడ కాదు, వాళ్లడిగిన కట్నం.

అసలు పరీక్ష 2025 ఆగస్టు చివర్లో వచ్చింది. మా మెదక్, కామారెడ్డి జిల్లాల్లో కురిసిన కుండపోత మీరూ టీవీల్లో చూసే ఉంటారు. వాగులు పొంగి రోడ్లు తెగిపోయాయి. సాయంత్రానికే మావారు అత్తమ్మను బలవంతంగా స్లాబు గదిలోకి తెచ్చారు. ఆవిడ గొణిగింది. నేను మాత్రం మావారి పక్షమే. గోడ మీద ఎంత నమ్మకమున్నా ప్రాణం మీద పందెం కాయకూడదు. ఏటా వానాకాలం నానిన మట్టిగోడలు కూలి మనుషులు పోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. రాత్రంతా ఎవరం నిద్రపోలేదు. టార్చి వేసి కిటికీలోంచి గోడను చూడటమే పని. పదేళ్ల సిమెంటు గోడ ఊడిన చప్పుడు నా చెవుల్లో మోగుతూనే ఉంది.

తెల్లారి చూస్తే పడమటి గోడకు, రాతికట్టు పైన, చాటంత మేర పైపూత కొట్టుకుపోయింది. అక్కడ లోపలి పొరలోని గడ్డి పోచలు బయటకు కనబడుతున్నాయి, మట్టిని పట్టుకునే ఉన్నాయి. గోడ నిలబడింది. అత్తమ్మ అరచెయ్యి పెట్టి అటూ ఇటూ తడిమి, "ఒక గంప మన్ను జాలు" అంది. గోడ పూర్తిగా ఆరేదాకా రెండు వారాలు ఆగి, ఆ చాటంత చోటు నేనూ పాపా కలిసి మెత్తేశాం. అదే సిమెంటు పొర అయితే గోడంతా ఒలిచి మళ్లీ చేయించాల్సి వచ్చేది.

మీలో ఎవరికైనా పాత మట్టిగది, ప్రహరీ, పశువుల కొట్టం లాంటివి ఉంటే ఒక మాట. గోడ నిలువుగా, లోపల గట్టిగా ఉంటేనే దిగండి. మీ మన్ను మా మన్నులా ఉండకపోవచ్చు. అందుకని ముందు గడ్డి తక్కువ, మధ్యరకం, ఎక్కువ వేసి మూడు బిళ్లలు చేసి నీడలో ఆరబెట్టండి. నెర్రెలు రానిది, గోటితో గీస్తే రాలనిది ఏదో చూసుకుని ఆ పాళ్లలో కలపండి. బూజు పట్టిన గడ్డి వాడకండి. ఏటా వానలు తగ్గాక గోడ కింద చెదలు పట్టాయేమో చూసుకోండి. వాన నేరుగా కొట్టే గోడకు తారు కలిపిన మట్టిపూత కూడా ఉంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఏనాడో కనిపెట్టిన పద్ధతి. అందులో తారు కరిగించే పని ఉంటుంది, మంటతో ప్రమాదం. దాన్ని తెలిసిన పనివాళ్లకే వదిలేయండి. మేం చూరు పెంచుకుని సరిపెట్టుకున్నాం.

ఇంకొక సంగతి. మీ ఇంట్లో పెద్దావిడ ఎవరైనా ఉంటే, పని మొదలుపెట్టే ముందు ఆవిడనొకసారి అడగండి. నేను పదేళ్ల ముందే అడిగి ఉంటే ఆ సిమెంటు డబ్బు మిగిలేది, ఆ పాడుమాట నా నోట వచ్చేది కాదు.

అత్తమ్మకిప్పుడు ఎనభై. చేతులు వణుకుతున్నాయి, గంప ఎత్తలేదు. పోయిన బతుకమ్మ పండుగ ముందు పీట వేసుకుని కూర్చుని, ఎంత మన్నుకు ఎంత గడ్డి, ఎన్ని రోజులు నానాలి అని చెబుతుంటే పాప నోటుబుక్కులో రాసుకుంది. అది నా వంటల పుస్తకమే. ఆవకాయ కొలతల పక్క పేజీలో ఇప్పుడు గోడ కొలతలున్నాయి.

పెరటి తలుపు మాత్రం ఇప్పుడు ఎవరొచ్చినా తెరిచే ఉంచుతున్నాను.